నాలుగు కడ్డీలు, ఒక ఇరుసు

గచ్చు సమంగా లేని వరండాలో నాలుగు కాళ్ల బల్ల వేసి చూడండి. అది ఒక మూల నుంచి ఇంకొక మూలకు టకటకమని ఊగుతుంది. ఊగకుండా ఉండడానికి ఒక కాలి కింద మడిచిన కాగితం పెడతాం. మూడు కాళ్ల పీటకు ఈ బాధ లేదు. నేల ఎట్లా ఉన్నా దాని మూడు కాళ్లూ ఆనే ఉంటాయి. ఎడ్లబండి కూడా ఇటువంటిదే. దానికి చక్రాలు రెండు, మూడవ ఆధారం కాడి. అందుచేతనే గట్లమీదా, గుంతల్లోనూ దాని రెండు చక్రాలూ నేలను వదలవు.

జీపు సంగతి వేరు. అది నాలుగు కాళ్ల బల్ల వంటిది. రాళ్లదారిలో ముందు ఎడమ చక్రం ఒక బండరాయి ఎక్కి, వెనుక కుడి చక్రం ఇంకొక రాయి ఎక్కిందనుకోండి. మిగిలిన రెండు చక్రాలు గాలిలో వేలాడతాయి. బల్ల ఊగితే నష్టం లేదు కాని, జీపు చక్రం గాలిలోకి లేస్తే బండి ఆగిపోతుంది. ఎందుకంటే ఒక ఇరుసు మీది రెండు చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల పెట్టె, మామూలు రకందైతే, రెండు వైపులకూ సమానమైన తిప్పుడు బలాన్నే ఇవ్వగలదు. గాలిలోని చక్రం తిరగడానికి బలమే అక్కరలేదు. కనుక నేలమీది చక్రానికి కూడా దాదాపు ఏమీ అందదు. ఒక చక్రం గాలిలో గిర్రున తిరుగుతూ ఉంటుంది, రెండవది కదలదు. మన్యం కొండల్లో వాగు దాటుతున్న జీపుకు ఈ స్థితి వస్తే, లోపల ఆసుపత్రికి తీసుకుపోతున్న రోగి ఉంటే, దాని అర్థమేమిటో వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి కొండదారి బండిని తయారుచేసేవారి ముందున్న ప్రశ్న ఇది: నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా నాలుగు చక్రాలూ నేలనే అంటిపెట్టుకుని ఉండాలంటే ఏం చేయాలి?

కమాను కట్ట చేసే రెండు పనులు

పాత జీపుల కిందకు వంగి చూస్తే ఇనుప పట్టీలను ఒకదానిమీద ఒకటి పేర్చి బిగించిన కట్టలు కనిపిస్తాయి. వీటినే మెకానిక్కులు కమాను కట్టలు అంటారు. రెండవ ప్రపంచ యుద్ధంలో పేరు తెచ్చుకున్న విల్లీస్ జీపుకూ, 1948లో ఇంగ్లండులో వచ్చిన మొదటి ల్యాండ్ రోవర్‌కూ ఇవే ఉన్నాయి. లారీలకు ఇప్పటికీ వీటినే వాడతారు. చవక, దృఢం, విరిగితే మార్చడం సులభం.

అయితే కమాను కట్ట ఏకకాలంలో రెండు పనులు చేస్తుంది. ఒకటి, స్ప్రింగులాగా వంగి బరువును మోయడం. రెండు, ఇరుసు ముందుకూ వెనుకకూ పక్కకూ పోకుండా పట్టి ఉంచడం. చక్రం బాగా కిందకూ మీదకూ ఆడాలంటే కమాను మెత్తగా ఉండాలి. ఇరుసును గట్టిగా పట్టి ఉంచాలంటే కమాను గట్టిగా ఉండాలి. ఒకే వస్తువు మెత్తగానూ గట్టిగానూ ఎట్లా ఉండగలదు? మరీ మెత్తనైన కమానును వాడితే, ఇంజను బలంగా తిప్పినప్పుడు ఇరుసు మెలితిరిగి కమాను పాములాగా వంకర పోతుంది. పైగా పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుని ఘర్షణ పుడుతుంది.

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం చాలా సామాన్యమైనది: రెండు పనులనూ ఇద్దరికి పంచడం. బరువు మోసే పని చుట్ట స్ప్రింగుది. ఇరుసును పట్టి ఉంచే పని కొన్ని ఇనుప కడ్డీలది. ఈ కడ్డీలనే లింకులు అంటారు. ఎన్ని కడ్డీలు కావాలి? వాటిని ఎక్కడ బిగించాలి? ఇదే ఈ పాఠం.

అప్పడాల కర్రతో లెక్క

ఇంట్లో అప్పడాల కర్రను రెండు చేతులతో అడ్డంగా పట్టుకోండి. ఇదే మన ఇరుసు, రెండు కొసలలో రెండు చక్రాలు ఉన్నట్లు ఊహించండి. ఈ కర్ర ఎన్ని రకాలుగా కదలగలదు?

1. ముందుకు – వెనుకకు.
2. కుడికి – ఎడమకు.
3. పైకి – కిందికి.
4. అప్పడం ఒత్తేటప్పటిలాగా తన చుట్టూ తాను దొర్లడం.
5. తక్కెడలాగా ఒక కొస పైకీ, రెండవ కొస కిందికీ పోవడం.
6. ఒక కొస ముందుకూ, రెండవ కొస వెనుకకూ పోవడం.

గట్టి వస్తువు ఏదైనా సరే, దాని కదలికలన్నీ ఈ ఆరింటి కలయికే. వీటిని ఆరు స్వేచ్ఛలు అందాం. మన ఇరుసుకు ఏవి కావాలి? 3వది కావాలి, రెండు చక్రాలూ కలిసి గుంతలో దిగాలి కదా! 5వది కావాలి, ఒక చక్రం రాయి ఎక్కినప్పుడు రెండవది నేలమీదనే ఉండాలి కదా! మిగిలిన నాలుగింటినీ ఆపాలి.

ఇప్పుడు ఒక కడ్డీ ఏం చేయగలదో చూద్దాం. గుంజకు తాడుతో కట్టిన గేదె తాడు పొడవును మించి దూరం పోలేదు, కాని దగ్గరకు రాగలదు. తాడు బదులు రెండు కొసలా అన్ని వైపులకూ తిరిగే కీళ్లు ఉన్న కడ్డీ అయితే? అప్పుడు దూరమూ పోలేదు, దగ్గరకూ రాలేదు. అనగా ఒక కడ్డీ ఒక స్వేచ్ఛను తీసివేస్తుంది. నాలుగు స్వేచ్ఛలను తీసివేయాలంటే నాలుగు కడ్డీలు కావాలి. 6 − 4 = 2. మనకు కావలసిన రెండు స్వేచ్ఛలే మిగిలాయి! గట్టి ఇరుసు బండ్లలో నాలుగు కడ్డీల అమరికకు మూలం ఈ చిన్న తీసివేతే.

కాని లెక్క సరిపోయినంత మాత్రాన పని సరిపోదు. నాలుగు కడ్డీలనూ చాసిస్ నుంచి ఇరుసుకు ఒకదానికొకటి సమాంతరంగా, నిడివి వెంబడి బిగించారనుకోండి. ముందుకు వెనుకకు పోవడం ఆగింది. దొర్లడం ఆగింది. ఒక కొస ముందుకు పోవడం ఆగింది. పక్కకు పోవడం? దాన్ని ఆపేవారే లేరు! నలుగురు పనివారు మూడు పనులనే పంచుకుని నాలుగవ పనిని వదిలేశారన్నమాట. అటువంటి బండి మలుపు తిరిగితే శరీరం ఒక వైపూ, ఇరుసు ఇంకొక వైపూ పోతాయి. కాబట్టి కనీసం ఒక కడ్డీ అయినా అడ్డంగానో, ఏటవాలుగానో ఉండి తీరాలి.

అడ్డకడ్డీ గీసే వృత్తం

సులభమైన మార్గం ఏమిటంటే, మూడు కడ్డీలను నిడివి వెంబడి ఉంచి, నాలుగవదాన్ని అడ్డంగా పెట్టడం. దాని ఒక కొసను చాసిస్‌కు ఎడమవైపున, రెండవ కొసను ఇరుసుకు కుడివైపున బిగిస్తారు. దీన్ని పాన్‌హార్డ్ కడ్డీ అంటారు. ఆ పేరు గల ఫ్రాన్సు కార్ల కంపెనీ వల్ల ఈ పేరు వచ్చింది.

దీనిలో ఒక చిక్కు ఉంది. గుంజ చుట్టూ గేదె వృత్తంలో తిరిగినట్లు, ఈ కడ్డీ కొస కూడా వృత్తంలోనే తిరుగుతుంది. అందుచేత ఇరుసు పైకి లేచినప్పుడల్లా కొంచెం పక్కకు కూడా జరుగుతుంది. ఎంత జరుగుతుంది? పైథాగరస్ సిద్ధాంతం తెలిసిన ఎవరైనా చెప్పవచ్చు.

కడ్డీ పొడవు 65 సెంటీమీటర్లు అనుకుందాం. మొదట అది నేలకు సమాంతరంగా ఉంది. ఇరుసు 16 సెం.మీ. పైకి లేచింది. ఇప్పుడు కడ్డీయే కర్ణం, 16 నిలువు భుజం.

65 × 65 − 16 × 16 = 4225 − 256 = 3969 = 63 × 63

అడ్డు దూరం 65 నుంచి 63కు తగ్గింది. అనగా ఇరుసు 2 సెం.మీ. పక్కకు జరిగింది. కడ్డీ పొడవును రెట్టింపు చేసి 130 సెం.మీ. పెడితే? లెక్క చేసి చూడండి, జరిగేది సుమారు 1 సెం.మీ. మాత్రమే. అయితే పొడవైన కడ్డీయే పెట్టవచ్చు కదా అంటారేమో! విల్లీస్ జీపులో ఎడమ చక్రం మధ్య నుంచి కుడి చక్రం మధ్యకు ఉన్న దూరమే సుమారు 124 సెం.మీ. 130 సెం.మీ. కడ్డీ దానిలో పట్టనే పట్టదు. మన కోరికకు బండి వెడల్పు హద్దు గీసింది.

ఇంకొక సంగతి. స్థలం లేక కడ్డీని మొదటినుంచీ ఏటవాలుగా బిగించారనుకోండి. 65 సెం.మీ. కడ్డీ మొదటే 16 సెం.మీ. వాలుగా ఉంది, అడ్డు దూరం 63. ఇరుసు ఇంకొక 9 సెం.మీ. లేస్తే నిలువు భుజం 25 అవుతుంది. 4225 − 625 = 3600, దాని వర్గమూలం 60. కేవలం 9 సెం.మీ. లేచినందుకు 3 సెం.మీ. పక్కకు జరిగింది! అదే కడ్డీ సమాంతరంగా ఉండి 9 సెం.మీ. లేస్తే జరిగేది 0.6 సెం.మీ. మాత్రమే. అందుచేత పాన్‌హార్డ్ కడ్డీకి రెండు నియమాలు: వీలైనంత పొడవు, వీలైనంత సమాంతరం.

ముందు ఇరుసుకైతే మూడవ నియమం కూడా ఉంది. స్టీరింగ్ పెట్టె నుంచి చక్రానికి పోయే కడ్డీ కూడా ఒక వృత్తాన్ని గీస్తుంది. ఆ కడ్డీ, పాన్‌హార్డ్ కడ్డీ ఒకే పొడవుతో, ఒకే వాలుతో ఉంటే రెండూ ఒకే తీరున కదులుతాయి. లేకపోతే గతుకు వచ్చినప్పుడల్లా స్టీరింగ్‌ను ఎవరూ తిప్పకుండానే చక్రాలు తిరుగుతాయి. లోయ పక్కనున్న దారిలో ఇది ప్రాణాంతకమైన దోషం.

రేంజ్ రోవర్ చూపిన దారి

1970లో ఇంగ్లండులోని రోవర్ కంపెనీ రేంజ్ రోవర్ అనే బండిని విడుదల చేసింది. దాని రూపకల్పనకు నాయకత్వం వహించిన ఇంజనీరు చార్లెస్ స్పెన్సర్ కింగ్. కొండదారి బండ్లంటే కమాను కట్టలే అనుకునే ఆ రోజుల్లో, ఆయన బృందం గట్టి ఇరుసులను అట్లాగే ఉంచి నాలుగు చక్రాలకూ పొడవైన, మెత్తని చుట్ట స్ప్రింగులు పెట్టింది.

వెనుక ఇరుసుకు కింద నిడివిగా రెండు కడ్డీలు. పైన ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం ఆకారంలో ఒక చట్రం. దాని రెండు కాళ్లు చాసిస్‌కూ, శిఖరం ఒక గుండ్రని కీలుతో ఇరుసు నడిమికీ బిగించి ఉంటాయి. ఈ చట్రాన్ని ఒక చోట కలిసే రెండు ఏటవాలు కడ్డీలుగా భావించవచ్చు. 2 + 2 = 4. మన లెక్క సరిపోయింది! పైగా రెండు ఏటవాలు కాళ్లూ అటూ ఇటూ సమానంగా ఉండడం వల్ల ఇరుసు నిటారుగా పైకి లేచినప్పుడు పక్కకు జరగదు.

ఇంత మంచి అమరికను ముందు కూడా ఎందుకు పెట్టలేదు? ముందు ఇరుసు మీద ఇంజను కూర్చుని ఉంటుంది. అక్కడ ఇటువంటి చట్రం ఆడడానికి చోటు దొరకడం కష్టం. అందుచేత ముందువైపున రెండు బలమైన చేతులు ఇరుసును పట్టుకుని ఉంటాయి, పక్కకు పోకుండా ఒక పాన్‌హార్డ్ కడ్డీ ఉంటుంది. ఈ చేతులు ఒక్కొక్కటీ ఇరుసును రెండేసి చోట్ల పట్టుకుంటాయి. నిజానికి అవసరానికి మించిన పట్టు ఇది. ఇరుసు తక్కెడలాగా వాలాలంటే కీళ్లలోని రబ్బరు బుష్‌లు నలిగి దారి ఇవ్వవలసిందే. చోటు లేనప్పుడు ఇంజనీరు చేసుకున్న రాజీ అన్నమాట. ఒకే బండిలో ముందొక తీరు, వెనుకొక తీరు! దీనికి కారణం అభిరుచి కాదు, జాగా.

మన దేశంలో 2020లో వచ్చిన కొత్త థార్ బండిలో కూడా వెనుక గట్టి ఇరుసును లింకులతో పట్టి, చుట్ట స్ప్రింగుల మీద నిలబెట్టారు.

కనిపించని కీలు

ఇప్పుడు మీరే ఇంజనీరు అనుకోండి. ఒక పాత బండికి వెనుకవైపున కమాను కట్టలు తీసివేసి కడ్డీలు అమర్చాలి. రేంజ్ రోవర్ ఇంజనీర్లు చాసిస్‌ను కూడా తామే కొత్తగా గీసుకున్నారు. మీకు ఆ అదృష్టం లేదు. చాసిస్ ముందే ఉంది. దాని దూలాల మధ్య ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరుగుతోంది, ఒక పక్క సైలెన్సర్ గొట్టం వేడిగా ఉంది, ఇంకొక పక్క పెట్రోలు ట్యాంకు ఉంది. మిగిలిన సందుల్లోనే మీ కడ్డీలు ఆడాలి.

కాగితం తీసుకుని బండిని పక్కనుంచి చూసినట్లు గీయండి. ఇరుసుల మధ్య దూరం 240 సెం.మీ. బండి గరిమనాభి, అనగా బరువంతా కేంద్రీకృతమైనట్లుండే బిందువు, నేలనుంచి 70 సెం.మీ. ఎత్తున ఉంది. వెనుక ఇరుసు దగ్గర కింది కడ్డీ కొస 32 సెం.మీ. ఎత్తునా, పై కడ్డీ కొస 56 సెం.మీ. ఎత్తునా ఉన్నాయి. కింది కడ్డీ 100 సెం.మీ. ముందుకు పోయి, 42 సెం.మీ. ఎత్తున చాసిస్‌ను చేరుతుంది. పై కడ్డీ 80 సెం.మీ. ముందుకు పోయి, అదే 56 సెం.మీ. ఎత్తున చేరుతుంది.

ఈ రెండు గీతలనూ ముందుకు పొడిగించండి. కింది గీత ప్రతి 10 సెం.మీ.కు 1 సెం.మీ. లేస్తోంది. పై గీత సమంగా ఉంది. వాటి మధ్య తేడా 24 సెం.మీ. కనుక 240 సెం.మీ. దూరాన, 56 సెం.మీ. ఎత్తున రెండూ కలుస్తాయి. అక్కడ నిజంగా ఏ కీలూ లేదు. అయినా ఆ క్షణాన ఇరుసు ఆ బిందువు దగ్గర కీలు ఉన్నట్లే కదులుతుంది. దీన్ని తక్షణ కేంద్రం అంటారు. చక్రం పైకీ కిందికీ ఆడిన కొద్దీ ఈ కేంద్రం కూడా చోటు మారుతుంది.

ఈ కనిపించని కీలు వల్ల ప్రయోజనమేమిటి? బురదలో దిగబడిన బండిని తోసేవారిని చూడండి. భుజాన్ని కిందనుంచి ఏటవాలుగా ఆనించి తోస్తారు. అప్పుడు బండి ముందుకు పోవడమే కాక కొంచెం పైకి కూడా లేస్తుంది. చక్రం చేసే పని కూడా ఇదే. చక్రం నేలను తాకే చోటు నుంచి కనిపించని కీలుకు గీత గీస్తే, ఆ గీత వెంబడే చక్రం బండిని తోస్తుంది. వెనుక చక్రాలు మాత్రమే తోస్తున్నాయనీ, ఆ తోపుడు 300 కిలోల బరువుతో సమానమనీ అనుకుందాం.

బండి ముందుకు ఉరికేటప్పుడు వెనుక చక్రాలమీద అదనంగా పడే బరువు: 300 × 70 ÷ 240 = 87.5 కిలోలు. ఇది వెనుకభాగాన్ని కిందికి నొక్కుతుంది.

కడ్డీలు ఏటవాలుగా తోయడం వల్ల కలిగే ఎత్తుడు: 300 × 56 ÷ 240 = 70 కిలోలు.

మిగిలిన 17.5 కిలోలే స్ప్రింగుల మీద పడతాయి. బండి వెనుకభాగం కొద్దిగా మాత్రమే కుంగుతుంది. చక్కగా ఉంది!

పెట్రోలు ట్యాంకు అడ్డు వచ్చింది

తీరా వెల్డింగు చేయబోతే, పై కడ్డీ చాసిస్‌ను కలిసే చోట ట్యాంకు అంచు తగులుతోంది. ఆ కొసను 8 సెం.మీ. కిందికి, అనగా 48 సెం.మీ. ఎత్తుకు దింపవలసి వచ్చింది. ‘8 సెంటీమీటర్లే కదా’ అనిపిస్తుంది. లెక్క చూడండి. ఇప్పుడు పై గీత ప్రతి 10 సెం.మీ.కు 1 సెం.మీ. దిగుతోంది. రెండు గీతలూ 120 సెం.మీ. దూరాన, 44 సెం.మీ. ఎత్తున కలుస్తాయి. ఎత్తుడు 300 × 44 ÷ 120 = 110 కిలోలు. నొక్కుడు 87.5 కిలోలే! తోసినప్పుడల్లా వెనుకభాగం పైకి లేస్తుంది. నిట్టనిలువు దారిలో చక్రం నేలను ఒక్కసారి గట్టిగా తొక్కి, పట్టు జారి, మళ్లీ తొక్కి గంతులు వేయడం మొదలుపెట్టవచ్చు. ఇరుసు, షాఫ్ట్ విరిగే ప్రమాదం కూడా ఉంది.

ఇప్పుడేం చేస్తారు? దారులు మూడు.

మొదటి దారి: కింది కడ్డీ చాసిస్ కొసను కూడా దింపడం. 42 నుంచి 36 సెం.మీ.కు దింపితే ఎత్తుడు 68 కిలోలకు వస్తుంది. మొదటి గుణం తిరిగి దొరికినట్లే. కాని ఆ కొస నేలకు 6 సెం.మీ. దగ్గరైంది. ప్రతి రాయీ ముందు దాన్నే తాకుతుంది.

రెండవ దారి: ఇరుసు దగ్గర పై కడ్డీ కొసను కూడా 48 సెం.మీ.కు దింపడం. ఎత్తుడు 90 కిలోలు. నొక్కుడుకు దాదాపు సమానం, ఫరవాలేదు. కాని రెండు కడ్డీల మధ్య ఎడం 24 నుంచి 16 సెం.మీ.కు తగ్గింది. గడ్డపారను కొసన కాక దగ్గరగా పట్టుకుంటే బలం ఎక్కువ కావాలి కదా! ఇక్కడా అంతే. భ్రామకాల లెక్క ప్రకారం పై కడ్డీల మీది బలం మొదట సుమారు 300 × 32 ÷ 24 = 400 కిలోలు ఉండేది. ఇప్పుడు 300 × 32 ÷ 16 = 600 కిలోలు. కింది కడ్డీల మీది బలం 700 నుంచి 900 కిలోలకు పెరిగింది. కడ్డీలు, కీళ్లు, అతుకులు అన్నీ ఇంకా దృఢంగా ఉండాలి. బరువు పెరుగుతుంది.

మూడవ దారి: ట్యాంకునే జరపడం. కడ్డీల కొలతలు చెడవు. కాని ట్యాంకుకు కొత్త చోటు, కొత్త గొట్టాలు, రాయి తగలని రక్షణ కావాలి. పెట్రోలుతో పొరపాటుకు చోటు లేదు.

వీటిలో ఏది సరైన జవాబు? అది బండి చేయవలసిన పనిని బట్టి ఉంటుంది. రాళ్లమీద పాకే బండికి మొదటి దారి పనికిరాదు. ఇసుకలో నడిచే బండికి అది చాలు. పరీక్షలోని లెక్కకు ఒకే జవాబు ఉంటుంది. రూపకల్పనలో మాత్రం ప్రతి జవాబుకూ ఒక వెల ఉంటుంది. ఆ వెలను ఇనుము కోయకముందే కాగితం మీద తెలుసుకోవడమే ఇంజనీరు పని. కాగితం మీద 8 సెం.మీ. పొరపాటును రబ్బరుతో చెరపవచ్చు. చాసిస్ మీద చెరపడానికి గ్యాసుకట్టరు కావాలి.

ఒక హెచ్చరిక. ఇది చదివి ఇంట్లోని బండి మీద ప్రయోగాలు చేయకండి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్టరు పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. ఒక అతుకు ఊడితే ఇరుసు చేజారుతుంది, బండిలోనివారికే కాదు, దారిలోనివారికి కూడా ప్రమాదం.

మీరే చేసి చూడండి

పాత శుభలేఖ అట్టలు, గుండుసూదులు, ఒక మెత్తని పలక సంపాదించండి. పైన చెప్పిన కొలతలను పదవ వంతు చేయండి: 100 సెం.మీ. కడ్డీ 10 సెం.మీ. అట్టముక్క అవుతుంది. చాసిస్ వైపు రెండు కొసలను పలకకు సూదులతో గుచ్చండి. ఇరుసు వైపు కొసలను చక్రం బొమ్మ గీసిన ఒక అట్టముక్కకు గుచ్చండి. చక్రాన్ని మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. చక్రం బొమ్మ మీద ముందే ఒక నిలువు గీత గీసి ఉంచితే, అది ఎటు వాలుతోందో కనిపిస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ కీలు భరించవలసిన వాలు అదే. పై కడ్డీ పొడవు మార్చి మళ్లీ చూడండి.

ఆలోచించండి

1. అడ్డకడ్డీ పొడవు 85 సెం.మీ., మొదట సమాంతరంగా ఉంది. ఇరుసు 13 సెం.మీ. లేస్తే ఎంత పక్కకు జరుగుతుంది?

2. చక్రాల మధ్య దూరం 125 సెం.మీ. ఒక చక్రం 20 సెం.మీ. లేచి, రెండవది 20 సెం.మీ. దిగింది. ఇరుసు సుమారు ఎన్ని డిగ్రీలు వాలింది? కోణమానినితో గీసి కొలవండి.

3. నాలుగు కడ్డీలకు బదులు ఐదు పెట్టి, అవన్నీ వేరువేరు దిశల్లో ఉంటే, ఇరుసుకు ఎన్ని స్వేచ్ఛలు మిగులుతాయి? అటువంటి బండి రాళ్లదారిలో ఎట్లా నడుస్తుంది?

జవాబులు: 1. 1 సెం.మీ. 2. సుమారు 19 డిగ్రీలు. 3. ఒకటే మిగులుతుంది. కీళ్లలో రబ్బరు సాగితే తప్ప ఇరుసు పైకీ కిందికీ ఆడడం, తక్కెడలాగా వాలడం అనే రెండింటినీ వేరువేరుగా చేయలేదు. అప్పుడు జీపు మళ్లీ వరండాలోని నాలుగు కాళ్ల బల్ల అయిపోతుంది.